తీసి పెట్టుకునే సీటు

గురువారం పొద్దున ఇంద్రమ్మ సంచి పట్టుకోని వాకిట్లకు వచ్చింది. గురువారం వచ్చిందంటే బిడ్డ భవ్య జగిత్యాలల ఆఫీసుకు పోయేటప్పుడు స్కూటీ మీద ఆమెను కోరుట్ల బస్టాండ్ల దించాలె, ఆమె బస్సెక్కి సిరిసిల్లల ఉన్న అక్క శంకరవ్వ దగ్గరికి పోవాలె. కానీ ఇయ్యాల వాకిట్ల స్కూటీ లేదు. దాన్ని అమ్మి భవ్య కొన్న కొత్త బండి ఉన్నది. దానికి ఒక్కటే సీటు. ఎనుక ఉత్త మడ్‌గార్డు, ఈగ కూసున్నా జారిపడేటంత నున్నగ ఉన్నది.

ఇంద్రమ్మ ఒక చూపు చూసి, "ఆటోల పోత తియ్," అని సంచి సర్దుకున్నది.

భవ్య తెలిసే కొన్నది గా బండి. కాలేజీ రోజులనుంచి స్కూటీ మీద బియ్యం బస్తాను, సిలిండర్‌ను, పక్కింటి చిన్నమ్మను, చిన్నమ్మ చుట్టాలను మోసీ మోసీ, ఎవ్వలెక్కరాని బండి ఒకటి కావాలనుకున్నది. ఆ ఎవ్వలల్ల అమ్మ గూడ ఉన్నదని సంచి చూసినంక గాని తట్టలే.

మధ్యాహ్నం అన్నం తినుకుంట, ఎనుక పెట్టే సీటు కోసం ఫోన్ల వెతికింది. రెండు రకాలున్నయి. ఒకటి బోల్టులతోని బిగించేది, పట్టుకోనీకి రాడ్డు గూడ ఉంటది, పెడితే ఇగ పెట్టినట్టే. ఇంకోటి దిండు అసొంటిది. కింద రబ్బరు కప్పులుంటయి, ఒత్తితే అతుక్కుంటది, వద్దనుకుంటే పీకి బ్యాగుల ఏసుకోవచ్చు. ఎవని నడుము నొచ్చిందో, ఎవనిది వానకు తడిసిందో, రివ్యూలన్ని చదివి దిండే తెప్పించింది. బండి అందం చెడది, అమ్మ పని ఆగది. తన తెలివికి తనకే ముచ్చటేసింది. మెకానిక్ మొగిలి కాళ్లు పెట్టుకునే రాడ్లు బిగించి ఇచ్చిండు.

మళ్ల గురువారం ఇంద్రమ్మ ఎప్పటిలెక్కనే చీర కుచ్చిళ్లు పట్టుకోని ఒక దిక్కు తిరిగి కూసున్నది. బరువంత ఒక్క దిక్కే పడ్డది. గల్లి మలుపు కాడ కప్పులు టప్పుమని ఊడినయి. దిండుతోసహా ఆమె మెల్లగ మట్టిల కూలబడ్డది. దెబ్బ తాకలే. పక్కింటి చిన్నమ్మ చూసింది, గదే పెద్ద దెబ్బ.

ఇంట్ల తండ్రి గంగారాం దిండును తిప్పితిప్పి చూసి, బోల్టులది తేకపోయినవా అన్నడు. భవ్యకు చిర్రెత్తింది. రెండు దిక్కుల కాళ్లేసి కూసోవాలె అంటే అమ్మ వినలేదన్నది. బోల్టులది పెడితే ఊరంత ఎక్కుతరన్నది.

ఇంద్రమ్మ చీరకంటిన మన్ను దులుపుకుంట నెమ్మదిగ అన్నది. "ఎవ్వలెక్కద్దనుకుంటే తప్పేం లేదు బిడ్డ. నాకిచ్చిన జాగ గూడ పీకి సంచిల పెట్టుకునేదేనా?"

రివ్యూలల్ల గీ ముచ్చట ఎవ్వలు రాయలే.

"నీకు జాగ ఇయ్యొద్దని కాదమ్మా," అన్నది భవ్య. "నాదని ఒక్కటి ఉండాలె అనుకున్న."

"మీ బాపు ఎనుక ఇన్నేండ్లు కూసున్న," అన్నది ఇంద్రమ్మ. "నేను పోవాల్నన్న దిక్కు బండి ఒక్కపాలి గూడ తిరుగలే. నీ బాధ నాకు తెల్వదా?"

గంగారాం దిండును మెల్లగ కింద పెట్టి, చాయ పెట్టుకునే సాకుతోని లోపటికి పోయిండు.

శనివారం భవ్య బోల్టుల సీటే తెప్పిస్త అన్నది. ఇంద్రమ్మ వద్దన్నది.

ఆదివారం పొద్దున ఆమె భవ్య పాత పంజాబీ డ్రెస్సు ఏసుకోని వాకిట్లకు వచ్చింది. భవ్య నవ్వలే, నవ్వితే అమ్మ లోపటికి పోతదని తెలుసు. ఇంద్రమ్మ రెండు దిక్కుల కాళ్లేసి ఎక్కింది. చేతులు ఎనుక తడుముకున్నయి. పట్టుకోనీకి రాడ్డు లేదు.

"దేన్ని పట్టుకోవాలె?"

"నన్ను."

ఇంద్రమ్మ గంగారాం ఎనుక కూసున్నన్నాళ్లు రాడ్డే పట్టుకున్నది. బిడ్డ నడుము చుట్టు చేతులేసింది, మొదలు మొహమాటంగ, మలుపు కాడ గట్టిగ. చిన్నప్పటి తర్వాత అమ్మ తనను ఇట్ల పట్టుకున్నది లేదని భవ్యకు యాదికొచ్చింది. హెల్మెట్ల కండ్లు తుడుసుకునే సౌలత్ లేదు.

బస్టాండ్ వచ్చింది. "ఆపకు," అన్నది ఇంద్రమ్మ. "సిరిసిల్ల దాక పో."

రుద్రంగి దాటినంక నడుము గుంజుతుందని తిట్టింది గాని దిగుత అనలే. శంకరవ్వ వాకిట్ల ఆగంగనే దిండును టప్పున పీకి, దుమ్ము దులిపి, తన సంచిల పెట్టుకున్నది.

"ఇది నా దగ్గర్నే ఉంటది," అన్నది. "నేను రావాల్నంటే తెస్త. మిగిలిన దినాలు బండి నీ ఒక్కదానిదే."