జానర్ ఒప్పుకోడట

హలో, నా మాట వినిపిస్తోందా అండీ? అందరూ కులాసానా? పొయ్యి మంట కాస్త తగ్గించి ఇలా వచ్చి కూర్చోండి. ఒక దర్జీగారింట్లో జరిగింది చెప్తాను.

ఆ రోజు పొద్దున్న దర్జీ ముందు గదిలో మిషను తొక్కుతూ కోటుకి చేతులు అతుకుతున్నాడు. లోపలి గదిలో కూతురు ఫోన్లో స్నేహితురాలితో మాట్లాడుతోంది. మిషను చప్పుడులో సగం మాటలే ఆయన చెవిన పడ్డాయి.

"...తండ్రికి చివరిదాకా తెలియకూడదే. లేకపోతే జానర్ ఒప్పుకోడు."

సూది ఆగింది. ఎవడీ జానర్?

వారం రోజులుగా ఆయన్ని అనుమానం పురుగులా తొలుస్తూనే ఉంది. కూతురు కాలేజీలో సినిమాలూ సీరియళ్ళ గురించి చదువుతోంది, ఆఖరి ఏడాది. రోజూ నానమ్మ సీరియల్ చూసే వేళకి ఓ నోట్సు పట్టుకుని మూల కూర్చుంటుంది. టీవీ చూడదు. ఇంట్లోవాళ్ళని చూస్తుంది, ఏదో రాసుకుంటుంది. ఆయన తలెత్తితే టక్కున మూసేస్తుంది. తల్లి లేని పిల్లని కొలత తప్పకుండా పెంచాననుకున్నాడు. ఎక్కడ కుట్టు ఊడిందో తెలియలేదు. అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. నిజమే అంటే ఏం చెయ్యాలో తోచక మింగేశాడు.

కూతురు సంచీ తగిలించుకుని వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇక కాలేజీ లేదన్నాడు. ఇవాళ ప్రాజెక్టు ఇచ్చే రోజని, పదింటికల్లా వెళ్ళకపోతే ఏడాదంతా పోతుందని ఆ పిల్ల బతిమాలింది. ఆయన కదల్లేదు.

"ముందు ఆ జానర్ ఎవడో చెప్పు."

"ఎవడేంటి నాన్నా?"

"నేను విన్నాలే. తండ్రికి తెలియకూడదు, జానర్ ఒప్పుకోడు అన్నావు. మన ఇంట్లో వాడి ఒప్పుకోలేంటి?"

లోపలి గదిలో మంచం మీంచి నానమ్మ తల తిప్పింది. ఆవిడకి చూపు మందం గానీ చెవులు మాత్రం పాము చెవులు.

"ఒప్పుకోడు అనలేదురా, ఒప్పుకోదు అంది. నేను పక్కనే ఉన్నాగా. మగాడైతే ఒప్పుకోడు అనాలి కదా."

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఇంకో అనుమానం. "అయితే ఆ అమ్మాయెవరు?"

కూతురికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. జానర్ మనిషి కాదని, కథ ఏ రకమో చెప్పే మాటని, ఫోన్లో అన్న తండ్రి తను ప్రాజెక్టుకి రాసిన కథలో తండ్రని చెప్పింది.

"కోటు కుట్టమన్నవాడికి గౌను కుట్టి ఇస్తే తీసుకుంటాడా? కథా అంతే నాన్నా. కుటుంబ కథ అనగానే జనం కొన్ని ఉండాలనుకుంటారు. ఫోన్లో మాట సగమే వినపడాలి. విన్నవాడు అనుమానించాలి గానీ అడక్కూడదు. అడిగితే కథ అక్కడే అయిపోతుంది." భుజం మీది సంచీ దించింది. "నువ్వూ అడగలేదు."

నోట్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. దర్జీ కూడబలుక్కుని చదివాడు.

'ప్రేక్షకుడు: దర్జీ, యాభై రెండేళ్ళు. సీరియల్ చూడనంటాడు. తల్లి లేని పిల్ల ఏడ్చే సీను రాగానే మిషను గట్టిగా తొక్కుతాడు. అప్పుడు సూదిలో దారం కూడా ఉండదు. ముక్కు ఎగబీల్చే చప్పుడు మాకు వినపడకూడదని.'

కింద చిన్న అక్షరాలతో ఇంకో ముక్క ఉంది. 'రాస్తే ఈ ఒక్క ప్రేక్షకుడి కోసం రాయాలి.'

దర్జీ వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. అలవాటుగా కాలు తొక్కబోయింది. అంతలో చక్రం మీద అరచెయ్యి వేసి ఆపేశాడు. ఆయన ఏడుపు ఆ ఇంట్లో మొదటిసారి అందరికీ వినపడింది. కూతురు వచ్చి భుజం మీద తల ఆనించింది.

కాసేపటికి ఆయన మొహం తుడుచుకుని చెప్పులేసుకున్నాడు.

"పద, నేను దింపుతాను. దార్లో నీ కథ చెప్పు. సగం కాదు, మొత్తం."

ఉంటానండీ మరి. ఇంట్లో ఎవరినైనా అడక్కుండా అనుమానిస్తున్నవాళ్ళు మీకు తెలిస్తే, ఈ కథ వాళ్ళకి పంపండి.