బంజాయ్‌కి లేవని చేతులు

అన్నం గిన్నె నేల మీద పడి బద్దలైంది! హయతే కుడిచేయి అలాగే గాలిలో ఆగిపోయింది, చేతిలో గిన్నె లేదన్న సంగతి ఆ చేతికి ఇంకా తెలియనట్టు... పన్నెండేళ్ల పిల్లవాడి ముఖం పాలిపోయింది. ఎదురుగా కూర్చున్న తాత గెంజో మిసో పులుసు ఒక గుక్క తాగి, గిన్నె కింద పెట్టి, "నిద్రమత్తు వదల్లేదా వీడికి?" అన్నాడు. పిల్లవాడి తండ్రి తెత్సురో తల వంచుకుని ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. అతని కుడి మోచేయి ఇరవై ఎనిమిదేళ్లుగా తిన్నగా సాగదు. తల్లి పేరు చిసాతో. ఆమె పెంకులు ఏరడానికి వంగినట్టు వంగి, కొడుకు మోచేతిని వేలితో తాకింది. పిల్లవాడు పళ్లు బిగపట్టి మూలిగాడు.

ఆ ఊళ్లో కమలా తోటల తర్వాత చెప్పుకునేది పిల్లల బేస్‌బాల్ జట్టునే. నలభై ఏళ్లుగా దానికి కోచ్ గెంజో. బంతి విసిరే పిచర్‌కి ఒకటో నంబరు చొక్కా ఇచ్చేది ఆయనే, ఆ చొక్కా కోసం తల్లులు దేవుళ్లకు మొక్కుకునేవారు! ఆదివారం పూట ఆ తల్లులే వంతుల వారీగా మైదానంలో ఆయనకు బార్లీ టీ పోసి, వేసవిలో మంచుముక్కలు వేసి, వంగి దణ్ణం పెట్టి వెనక్కి నడవాలి. కోడలు గనక చిసాతోకి వంతు కూడా లేదు, ప్రతి వారమూ ఆమెదే. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట. "ఇంకొక్కటి!" డెబ్భై బంతులకు మించి వేయించకూడదని నిబంధన వచ్చిందిగా అంటారా? వచ్చింది. ఆట రోజున డెబ్భై దాటనిచ్చేవాడు కాదు పెద్దమనిషి. మిగతా నూరు సాయంత్రం కమలాపండ్ల కొట్టంలో, గోడకు కట్టిన పరుపు మీదికి వేయించేవాడు.

డాక్టర్ ఎక్స్‌రే ఫోటో తీసి చూపించాడు. మోచేతి లోపలి వైపు ఎముక చెక్క లేచింది. "మూడు నెలలు బంతి ముట్టుకోకపోతే అతుక్కుంటుందమ్మా. ఇంకొక్క ఆట ఆడాడా, ఊడిపోతుంది. ఆ తర్వాత నేనేమీ చెయ్యలేను." ఆ రోజు సోమవారం. ఆదివారం జిల్లా పోటీ!

"మామయ్యగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను... ఈ ఒక్కసారికి వాణ్ని వదిలెయ్యండి!"

"శనివారం దాకా బంతి ముట్టుకోవద్దంటాను. ఆరు రోజులు చాల్లే. డాక్టర్లు ఎప్పుడూ అలాగే అంటారు. మొక్కై వంగనిది మానై వంగుతుందటమ్మా? ఈ వయసులోనే వెయ్యాలి."

"వంగింది కదండీ మీ అబ్బాయి మోచెయ్యి! ఇంకా వంగే ఉంది."

గెంజో ముఖం ఎర్రబడింది. "నోరు లేచిందే! వాడికి పోయింది చెయ్యి కాదు, గుండె ధైర్యం. లేకపోతే పెద్ద జట్లలో ఉండేవాడు."

తెత్సురో ఆ మాటలు వింటూనే చెప్పులేసుకుని తోటలోకి వెళ్లిపోయాడు. చిసాతో వెంట పరిగెత్తింది. "ఏమండీ, మీరొక్క మాట అనండి! మీ చెయ్యి చూపించండి చాలు..." అతను ఎడమచేత్తో కత్తెర పట్టుకుని కమలాపండు కత్తిరించి బుట్టలో వేశాడు. "నాన్నకి ఎదురు చెప్పడం నావల్ల కాదు చిసాతో" అన్నాడు. పై కొమ్మల కాయలు అలాగే ఉన్నాయి, అవి ఎప్పుడూ ఆమే కోస్తుంది.

కొడుకు సంగతి మరీ అన్యాయం. "అమ్మా, నన్ను గదిలో పెట్టి తాళమేసినా కిటికీలోంచి దూకి వెళ్తా. నేను లేకపోతే తాతయ్య ఓడిపోతారు!" అన్నాడు. తన చేతిని తానే తీసుకెళ్లి అప్పగించే పిల్లవాణ్ని తల్లి ఎక్కడ దాచగలదు? ఆ క్షణంలో చిసాతోకి ఏడుపు ఆగిపోయింది. ఏడుపు ఉన్న చోట పగ వచ్చి కూర్చుంది. పదమూడేళ్లు ఈ మనిషికి వంగి వంగి టీ పోశాను, ఇక ఊరందరి ముందు ఆయన తల వంచకపోతే నేను తల్లినే కాదు అనుకుంది. ఉత్తమురాలు అలా అనుకోదంటారేమో... పోనివ్వండి, ఆమె అనుకుంది.

శనివారం మధ్యాహ్నం మైదానంలో గెంజోకి సన్మానం. నలభై ఏళ్ల కోచ్ కదా! అత్తగారు యోషినో వారం నుంచీ హడావిడి పడుతోంది. "చివర్లో అందరూ రెండు చేతులూ పైకెత్తి మూడుసార్లు 'బంజాయ్' అని జేజేలు కొట్టాలి. ఎదురుగా ఎవర్ని నిలబెడదామే?"

"పాత పిచర్లని నిలబెడదాం అత్తయ్యా. ఒకటో నంబరు వేసుకున్నవాళ్లే కదా మామయ్యగారి పేరు నిలబెట్టింది. నేను పిలుస్తాను."

"ఎంత మంచి ఆలోచనే తల్లీ!" అని మురిసిపోయింది ఆవిడ.

కొత్త సంవత్సరం కార్డులన్నీ కోడలే రాస్తుంది గనక అందరి చిరునామాలూ ఫోన్ నంబర్లూ ఆమె దగ్గరే ఉన్నాయి. మొదట మంగలి నొగామికి ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీ కుడిచెయ్యి ఎంతవరకు లేస్తుంది?"

"భుజం దాకా చెల్లెమ్మా. గడ్డాలు ఎడమచేత్తోనే గీస్తాను. అయినా కోచ్‌గారి దయ... ఆయన నాకు ఒకటో నంబరు ఇచ్చారు!"

లారీ డ్రైవర్ కురొసె నవ్వాడు. "నా తల మా ఆవిడే రుద్దుతుందమ్మా, ఏం చేస్తాం? కానీ ఆ ఏడు జిల్లా కప్పు మాదే!" ఆమె ఫోన్ చేసిన పదకొండు మందీ అంతే. ఒక్కరైనా తిట్టలేదు! విరిగిన చేతిని పతకంలా మోస్తున్నారు. అదే ఆమెకు నిప్పంటించింది. ప్రతి ఒక్కరికీ హయతే ఫోటోలో కనిపించిన ఎముక చెక్క గురించి చెప్పింది. "మామూలుగా బంజాయ్ అన్నప్పుడు మీరు వెనక వరుసలో దాక్కుంటారు. ఈసారి ముందుకు రండి. దాచకుండా ఎత్తండి. అంతకన్నా ఏమీ అడగను" అంది.

శనివారం మైదానానికి ఎనిమిది మంది వచ్చారు. చిసాతో మైకు పట్టుకుని వాళ్లను వేదిక ముందు వరుసగా నిలబెట్టింది. భర్త వైపు చూసింది. తెత్సురో జనంలోంచి కదిలి, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, వరుస చివర తొమ్మిదోవాడిగా నిలబడ్డాడు. ఆమె మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"మామయ్యగారు తయారుచేసిన పిచర్లు వీళ్లు. అందరూ చూడండి! బంజాయ్!"

"బంజాయ్!" ఊరంతా రెండు చేతులూ ఆకాశానికి ఎత్తింది. ముందు వరుసలో తొమ్మిది ఎడమచేతులు లేచాయి. తొమ్మిది కుడిచేతులు సగంలో ఆగాయి. ఒకటి భుజం దగ్గర, ఒకటి చెవి దగ్గర, ఒకటి రొమ్ము ముందు కొక్కెంలా... గెంజో చిరునవ్వు అలాగే ఉంది, ఆయనకింకా అర్థం కాలేదు.

"బంజాయ్!" ఈసారి సగం గొంతులే వినిపించాయి. తల్లులు చేతులు దించి ముందు వరుసను చూస్తున్నారు. గెంజోకి అలవాటు పోలేదు, అరిచాడు. "ఏంట్రా ఆ ఎత్తడం? సరిగ్గా ఎత్తండి!"

"ఇంతే లేస్తుంది కోచ్‌గారూ" అన్నాడు నొగామి.

"నాదీ ఇంతేనండి" అన్నాడు కురొసె. ఈసారి నవ్వలేదు.

వరుస చివరి నుంచి తెత్సురో గొంతు వచ్చింది. "నాదీ ఇంతే నాన్నా! ఇరవై ఎనిమిదేళ్లుగా రోజూ మీ ఎదురుగా కూర్చునే అన్నం తింటున్నాను... ఒక్కసారైనా చూశారా?"

పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "ఇది నువ్వు చేసిన పనేనా?"

"నేనే చేశాను!" అంది చిసాతో. ఎంత తియ్యగా ఉందో ఆ మాట! ఇన్నేళ్ల దణ్ణాలూ ఒక్కసారిగా తిరిగి వచ్చినట్టుంది. "ఇంకా ఉంది మామయ్యగారూ, రేపు మీరు..."

మాట పూర్తి కాలేదు. జనంలోంచి హయతే దూసుకొచ్చాడు. కళ్ల నిండా నీళ్లు, తల్లి మీద మండిపాటు. "తాతయ్యని అవమానించకండి! నేనెత్తుతా... నా చెయ్యి లేస్తుంది!" అని తండ్రి పక్కన నిలబడి, "బంజాయ్!" అని ఒక్కడే అరిచి రెండు చేతులూ ఎత్తాడు. కుడిచేయి గడగడ వణుకుతూ చెవి దాటి పైకి వెళ్లింది. నుదుటి మీద చెమట పట్టింది, పెదవి కొరికిన చోట రక్తం కనిపించింది. ఆ వరుసలో పైదాకా లేచిన కుడిచేయి అదొక్కటే.

అందరూ దాన్నే చూశారు. గెంజో కూడా చూశాడు. వేదిక దిగాడు, ఒక మెట్టు తప్పి, తడబడి, నిలదొక్కుకుని, మనవడి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడాయన ఏమంటాడో పిల్లలందరికీ తెలుసు... "ఇంకొక్కటి" అంటాడు.

"దించరా" అన్నాడు ముసలాయన. పిల్లవాడు దించలేదు. "దించు నాన్నా, చాలు. నువ్వు రేపు ఆడొద్దు" అని, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, పగిలే సామాను కింద పెడుతున్నట్టు మెల్లగా దించాడు. తర్వాత టోపీ తీసి, తొమ్మిది మంది ముందూ నడుము విరిగేలా వంగాడు. నలభై ఏళ్లలో ఆయన ఎవరికైనా వంగడం ఆ ఊరు చూసింది అదే మొదటిసారి.

నొగామి వెక్కి వెక్కి ఏడ్చాడు. తెత్సురో తండ్రిని లేపలేదు, వంగినంతసేపూ వంగనిచ్చాడు. చిసాతో కూడా కదలలేదు, కళ్లు తుడుచుకోలేదు, తనివితీరా చూసింది. హయతే వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడు నెలల తర్వాత మాత్రం ఎముక అతుక్కుందని డాక్టర్ ఫోటో చూపించాడు. ఆ సాయంత్రం వంటింట్లో యోషినో కోడలి పక్కన నిలబడి గొంతు తగ్గించి అడిగింది. "నీ పగ తీరిందా అమ్మాయ్?"

చిసాతో కిటికీలోంచి తోట వైపు చూసింది. తెత్సురో నిచ్చెన ఎక్కి ఎడమచేత్తో పై కొమ్మను అందుకోవాలని చూస్తున్నాడు.

"సగం తీరింది అత్తయ్యా" అంది. "మిగతా సగం తీరేది కాదు." చేతులు కడుక్కుని, కత్తెర తీసుకుని, భర్తకు అందని కాయలు కోయడానికి తోటలోకి వెళ్లింది.