రెండో వైరు

తెల్లవారి ఐదున్నరకు లేచి, స్టవ్ వెలిగించే ముందే వత్సల కూతురి పక్కన కూర్చుని ఆ పిల్ల మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనిస్తుంది. గోడ గడియారంలో సన్న ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెడుతుంది. డెబ్బై రెండు. ఒక్కోరోజు డెబ్బై నాలుగు. ఆ తర్వాతే లేచి టీకి నీళ్ళు పెడుతుంది. శ్రద్ధకు మెలకువ వచ్చినా కళ్ళు తెరవదు. తల్లి లెక్కపెట్టడం, కూతురు నిద్ర నటించడం నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో మామూలైపోయింది.

వత్సల భర్త నాగేశ్వర్ పోయింది అలాంటి వేళలోనే. లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఆమె తెచ్చేసరికి గ్లాసు అందుకోకుండానే వెనక్కి వాలిపోయాడు.

అంతకు మూడేళ్ళ ముందు, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని దవాఖానలో పేస్‌మేకర్ పెట్టారు. ఆ రోజు కౌంటర్ దగ్గర కూర్చున్నతను ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఒక వైరు ఉన్నదానికి ఒక ధర, రెండు వైర్లు ఉన్నదానికి దాదాపు రెట్టింపు. డాక్టరు ఎటో వెళ్తూ వెళ్తూ, నిలబడకుండానే, ఒక వైరుది సరిపోతుందని ఇంగ్లీషూ మరాఠీ కలిపి ఇంకేదో చెప్పాడు. ఆమెకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. కళ్ళ ముందు ధరలే ఉన్నాయి. మొదటిదాని మీద వేలు పెట్టింది. స్ట్రెచర్ మీదున్న నాగేశ్వర్ తల ఇటు తిప్పాడు.

"వత్సలా, ఆ రెండోది ఎంతంటున్నరు?"

మనకు ఇది చాలు అని చెప్పింది. ఆయన మళ్ళీ అడగలేదు. బతికున్న మూడేళ్ళూ అడగలేదు. పోయిన తర్వాతే అడగడం మొదలుపెట్టాడు.

వజీరాబాద్ బజారులో రెండు గొడుగుల మధ్య ఏది కొనాలో తేలక నిలబడితే చాలు, కుడి భుజం వెనక నుంచి అదే గొంతు. నొప్పితో కాస్త జీరపోయి, మర్యాదగా, భార్యను ఇబ్బంది పెట్టకూడదన్నట్టుగా అడిగే గొంతు. ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. ఖరీదైన గొడుగు తీసుకుని గబగబా బయటపడేది. కూతురికి బూట్లు, దగ్గు మందు, బ్యాగు, ఏది కొన్నా దుకాణంలో అన్నిటికన్నా పైది. తనకు మాత్రం అన్నిటికన్నా కిందిది. కుడి కంటిలో శుక్లం ముదిరి రెండేళ్ళవుతోంది. జాకెట్లు కుట్టే మనిషి, సూదిలో దారం చూపుతో కాదు, వేళ్ళతో తడుముకుని ఎక్కిస్తోంది.

ఆ పొద్దున టీ తాగుతూ శ్రద్ధ ఒక కాగితం తీసి తల్లి ముందు పరిచింది. సోమవారం నుంచి ఆ పిల్లకు పని మొదలు. నిజామాబాద్‌లో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోకు ఇంటి నుంచే ఎడిటింగ్ చేసి పంపాలి. నచ్చితే నెల జీతం, లేకపోతే లేదు. సాయంత్రాలు మరో నలుగురు అమ్మాయిలతో జట్టు కట్టి ఆడే ఆట ఒకటుంది. అది ఆడుతూనే రికార్డు కూడా చేయాలి. కాలేజీలో చేరినప్పటి లాప్‌టాప్ ఇవేవీ మోయలేక మధ్యలోనే ఆగిపోతోంది. అందుకని తను దాచుకున్న డబ్బులో డెస్క్‌టాప్ ఒకటి కట్టించుకోవాలని నెల రోజులుగా చదివి, పోల్చి, కొట్టేసి, మళ్ళీ రాసి ఈ జాబితా తేల్చింది.

వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. ప్రాసెసర్లు రెండు చూసిందట. ఒకదాంట్లో ఆరు కోర్లు, రెండోదాంట్లో పన్నెండు. కోరంటే ఏమిటని వత్సల అడిగితే, పని చేసే మనుషులనుకో అంది. ఒక దుకాణంలో ఆరుగురు పనివాళ్ళు, ఇంకో దుకాణంలో పన్నెండుగురు. తన ఆటకూ తన వీడియోలకూ ఆరుగురు ఖాళీ లేకుండా పని చేస్తే సరిపోతుందట. మిగిలిన డబ్బు తెర మీద బొమ్మను నడిపే గ్రాఫిక్స్ కార్డులో పెడితే ఆట తడబడకుండా నడుస్తుందట.

"ఆ పన్నెండుది మంచిదే గద?" అంది వత్సల.

"మంచిదే అమ్మా. గని మనకు గిది చాలు."

అది తన మాటే. తన గొంతుకు దగ్గరగా ఉండే కూతురి గొంతులో, నవ్వుతూ వచ్చింది. వత్సల కప్పు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

శ్రద్ధ కాలేజీకి వెళ్ళే దారిలో జాబితా కంప్యూటర్లు అమ్మే కైలాశ్ దుకాణంలో ఇచ్చి, డబ్బు కట్టేసి వెళ్ళింది. పదకొండింటికి వత్సల తన కంటి ఆపరేషన్ కోసం ఉంచుకున్న డబ్బు తీసి జాకెట్ లోపల పెట్టుకుని అదే దుకాణానికి వెళ్ళింది.

కైలాశ్ మంచివాడే. స్టూలు వేసి కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చాడు. ఈ ప్రాసెసర్ అనేది అసలు ఏం చేస్తుందని అడిగితే, వచ్చిన ప్రతి వాళ్ళకూ చెప్పే మాటే, మరాఠీలో పిన్నీ అని పిలుస్తూ ఆమెకూ చెప్పాడు. "కంప్యూటర్ కా దిల్ హై, మావశీ."

దిల్, అంటే గుండె. ఆ మాట ఆమెకు మరోలా తాకింది. అద్దాల బల్ల మీద రెండు పెట్టెలు పక్కపక్కన ఉన్నాయి. రెండూ అరచేతిలో పట్టేంతవే. ఫ్యాను గాలికి బిల్లుల కట్ట రెపరెపలాడుతోంది. కుడి భుజం వెనక, చాలా దగ్గరగా, మళ్ళీ ఆ ప్రశ్న. ఆ రెండోది ఎంతంటున్నరు?

నాలుగేళ్ళలో మొదటిసారి వత్సల పైకే జవాబిచ్చింది. "ఎంతైనా సరే. అదే పెట్టిపిస్త."

తనతోనే అంటోందనుకున్నాడు కైలాశ్. లెక్క చూసి, ఆమె తెచ్చిన డబ్బు కలిపినా చాలదన్నాడు. పెద్ద ప్రాసెసర్ పెడితే దానికి తగ్గ ఫ్యానూ బోర్డూ మారాలని, అప్పుడు గ్రాఫిక్స్ కార్డు చిన్నది వేయాల్సి వస్తుందని, అమ్మాయిని ఒకసారి అడిగితే మంచిదని రెండుసార్లు చెప్పాడు. అడగక్కర్లేదంది వత్సల. మిగతావి ఎంత చిన్నవైనా ఫరవాలేదు, గుండె మాత్రం పెద్దది ఉండాలంది.

శనివారం మధ్యాహ్నం పెట్టె ఇంటికి వచ్చింది. నాలుగింటికి కాలేజీ నుంచి వచ్చిన శ్రద్ధ చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి దాని ముందు కూర్చుంది. తీగలు కలిపి, ఆన్ చేసి, నవ్వుతూ తల్లిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆట తెరిచింది. తెర మీద పరుగెత్తాల్సిన మనిషి నాలుగడుగులు వేసి ఆగి, ఉలిక్కిపడినట్టు ఇంకోచోట తేలాడు. మళ్ళీ ఆగాడు. శ్రద్ధ ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. ఏవో అంకెలు తెరిచి చదివింది. ఆ తర్వాత కైలాశ్‌కు ఫోన్ చేసి అతను చెప్పేదంతా విని, ఫోన్ బోర్లా పెట్టింది.

"అమ్మా, నువ్వు దుకాణానికి పోయినవా?"

వత్సల పోయానంది. పెద్దది పెట్టించానంది. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

"నీ కుట్టు మిషన్‌కు మిల్లుల మోటర్ బిగిస్తే జాకెట్ బాగ కుడ్తదా? దారం తెగుతది, అంతే గద. గిది గట్లనే. నెల రోజులు కూసొని ఏది దేనికి సరిపడ్తదో చూసుకున్న. నన్ను ఒక్క మాట అడగకపోతివి."

తెలియలేదంది వత్సల. మంచిదే కదా కొన్నానంది.

"పైసలు ఎక్కడియి?"

వత్సల చెయ్యి జాకెట్ మీదికి పోయింది. శ్రద్ధ లేచి నిలబడింది.

"కంటి ఆపరేషన్‌యి గద. గొడుగైనా, బూట్లైనా నాకు అన్నీ పెద్దయి, నీకు అన్నీ చిన్నయి. ఎవరి కోసం కొంటున్నవమ్మా గివన్ని? నా కోసమైతే గాదు. నా కోసమైతే నన్ను అడుగుతుంటివి."

కిటికీ అవతల కూరగాయల బండివాడు ఏదో అరుచుకుంటూ పోతున్నాడు. అతను గల్లీ దాటేదాకా వత్సల చూసింది. తర్వాత నేల వైపు చూస్తూ చెప్పింది.

"మీ బాపుకు చిన్నది పెట్టిపిచ్చిన."

శ్రద్ధకు వెంటనే అర్థం కాలేదు.

"రెండు వైర్లది ఉండె. ఎంతని అడిగిండు. ధర గుడ చెప్పలే నేను. ఒక్క వైరుదే పెట్టిపిచ్చిన. ఇంకా అడుగుతనే ఉన్నడు బిడ్డా. ఏ దుకాణానికి పోయినా ఎనక నిలబడి అడుగుతనే ఉన్నడు."

 కంప్యూటర్‌లోని ఫ్యాను ఒక్కటే గిర్రున తిరుగుతోంది. శ్రద్ధ వంగి దాన్ని ఆపేసింది. లోపలి గదిలోకి వెళ్ళింది. ఇనుప బీరువా తెరిచిన చప్పుడు. చాలాసేపటికి తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో దవాఖాన ఫైలు ఉంది. అది ఆ బీరువాలో ఎక్కడుందో కూతురికి తెలుసునని వత్సలకు తెలియదు.

"పదో దినం నాడు ముఖేడ్ నుంచొచ్చిన అత్త వంటింట్ల అన్నది, మంచిది పెట్టిపిస్తే బతికేటోడని. నేను తలుపు ఎనక ఉన్న." శ్రద్ధ తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. "నిజమా అబద్ధమా చూద్దామని గిది తీసిన. నీ మీద అనుమానంతోనే తీసిన, అమ్మా."

వత్సల ఫైలు వైపే చూస్తోంది.

పదిహేడేళ్ళ పిల్ల, ఇంటినిండా చుట్టాలుండగా, మేడ మెట్ల మీద కూర్చుని ఒక్కో ఇంగ్లీషు మాటనూ ఫోన్‌లో వెతుక్కుంటూ ఆ కాగితాలన్నీ చదివిందట. అయినా నమ్మకం చాలక గల్లీ చివర ఉండే డాక్టరమ్మకు తీసుకెళ్ళి చూపించిందట. ఇప్పుడు మూడో పేజీ తీసి, మధ్యలో ఉన్న ఒక వాక్యం కింద వేలు పెట్టి ముందు ఇంగ్లీషులో చదివింది. ఆ తర్వాత తమ మాటల్లో చెప్పింది.

"గుండె లోపట పైన ఒక గది ఉంటది. బాపుకు ఆ గది లయ పూర్తిగ పోయింది. ఎప్పటికీ వణుకుతనే ఉంటది. రెండో వైరు పెట్టేది ఆ గదిలనే. అక్కడ పెట్టినా దానికి పని లేదు. అందుకని ఒక్క వైరుదే సరైనదని రాసిండ్రు. లక్ష ఎక్కువ ఇచ్చినా బాపుకు అదే పెట్టేటోళ్ళు."

"ఇంకోసారి చదువు."

శ్రద్ధ చదివింది. వత్సల ఇంకోసారి చదవమంది. మూడోసారి చదివి ఆ పిల్ల పేజీని తల్లి ముందు పెట్టింది.

"ఎందుకు చెప్పలే నాకు?"

"చెప్పాలంటే నిన్ను అనుమానపడ్డ అని గుడ చెప్పాలె గద. సిగ్గయింది. నీకు డాక్టర్ చెప్పే ఉంటడనుకున్న. పొద్దుగాల నా చెయ్యి పట్టుకుంటవ్ సూడు, అది నాకేమైతదో అన్న భయమే అనుకున్న. గింత మోస్తున్నవని నాకేం తెల్సు?"

గుండెల మీది నుంచి బరువు దిగిపోతుందని ఇలాంటప్పుడు అంటారు. వత్సలకు అలా ఏమీ అనిపించలేదు. కాళ్ళ కింద మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే లేనట్టు అనిపించింది. నాలుగేళ్ళుగా ఆమె దగ్గర ఒక కారణం ఉంది. తన తప్పే అయినా అదొక కారణం. ఇప్పుడు అది కూడా లేదు.

"మరి ఎందుకు పోయిండు?"

"గుండె కండనే బలం తగ్గింది. అది గుడ రాసుంది దీన్ల. ఎవరం ఏం చేసినా అంతేనట."

వత్సల ఆ పేజీని చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమె కంటికి చీమల బారులా ఉన్నాయి. పై వరుసలో ఉన్న పేరు మాత్రం గుర్తుపట్టింది. దాన్ని బొటనవేలితో మెల్లగా నిమిరింది.  శ్రద్ధ వచ్చి తల్లి భుజానికి తల ఆనించి కూర్చుంది.

కాసేపటికి కైలాశే ఫోన్ చేశాడు. ఇంకా ఒక రోజు కూడా వాడలేదు కాబట్టి రాత్రి ఎనిమిదిలోపు తెస్తే అన్నీ మార్చి, మొదటి జాబితా ప్రకారం కట్టిస్తానన్నాడు. ఎక్కువైన డబ్బు కూడా తిరిగి ఇస్తానన్నాడు. ఆ డబ్బు చేతికి రాగానే సోమవారం కంటి దవాఖానలో తేదీ తీసుకోవాలని శ్రద్ధ షరతు పెట్టింది. వత్సల తల ఊపింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని ఆ పెట్టెను కిందికి దింపి ఆటో ఎక్కించారు.

ఆటో గల్లీ దాటి పెద్ద రోడ్డెక్కాక, గాలి ముఖానికి కొడుతుండగా, వత్సలకు ఏడుపు వచ్చింది. పెళ్ళయిన కొత్తలో నాయ్‌గావ్ సంతలో నాగేశ్వర్ ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్క కొరికి, పులుపుకు ఒక కన్ను మూసుకుని, నువ్వూ తిను అన్నట్టు సగం ముక్క ఆమె చేతిలో పెట్టాడు. మీసాల మీద ఉప్పు అంటుకుంది. ఆ ముఖం ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయిందో తెలియదు. ఇప్పుడొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, చిన్నపిల్లలా, పైకే ఏడ్చింది.

ఆటో నడుపుతున్న పెద్దాయన అద్దంలోంచి చూశాడు. ఏమైందని మరాఠీలో అడిగాడు.

"మా ఆయన పోయిండు," అంది వత్సల.

అయ్యో అన్నాడాయన. ఎప్పుడని అడిగాడు. చెప్పబోయిన శ్రద్ధ తల్లి ముఖం చూసి ఆగిపోయింది, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. పెద్దాయన మోగుతున్న పాట ఆపేసి, గుంతలు తప్పిస్తూ, బండి నెమ్మదిగా పోనిచ్చాడు.