ఆయన పేరు మీద ఇరవై గంటలు

శనివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి టీచరమ్మ వంటింటి పని ముగించి, చేతులు తుడుచుకుని, భర్త కంప్యూటరు ముందు కూర్చుంది. తెర మీద ఒక పెద్దమనిషి కనబడి గొంతు సవరించుకున్నాడు. పక్కన పేర్ల వరసలో లాయరుగారి పేరు వెలిగింది. ఆ లాయరుగారు మాత్రం వరండాలో తీరిగ్గా పేపరు చదువుకుంటున్నారు.

ఇది మూడో ఏడు. లాయర్లకు లైసెన్సులిచ్చే కౌన్సిలు ఏటా కట్టించుకునే ఫీజు పెంచి, అది చాలదన్నట్టు ఏడాదికి ఇరవై గంటల శిక్షణ తీసుకోవాలని రూలు పెట్టింది. గంటలు పూర్తి చేసి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంటే ఫీజు సగమే. శిక్షణ ఎగ్గొడితే లైసెన్సే లేదు. ఆ కాగితం వచ్చిన రోజు ఆయన ఇంతెత్తున లేచారు. ముప్ఫై నాలుగేళ్ళు నల్లకోటు వేసుకు తిరిగినవాడికి నిన్నగాక మొన్న పుట్టినవాళ్ళు పాఠాలు చెబుతారా అన్నారు. మొదటి క్లాసులో పది నిమిషాలు కూర్చుని లేచిపోయారు. పావుగంటకోసారి తెర మీద 'ఉన్నారా?' అని ఒక గడి వస్తుంది, అది నొక్కకపోతే ఆ గంట లెక్కలోకి రాదు. కాస్త అది నొక్కుతూ ఉండమని భార్యకు పురమాయించారు.

ఆవిడ చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎదురుగా ఒకరు పాఠం చెబుతుంటే వినకుండా కూర్చోవడం ఆవిడకు చేతకాదు. విన్నది రాసుకోకుండా ఉండడం అసలే చేతకాదు. ఏడాది తిరిగేసరికి పరీక్ష కూడా ఆవిడే రాసింది, వందకు తొంభై ఆరు వచ్చాయి. ఆ సర్టిఫికెట్టుకు ఆయన ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో పెట్టుకున్నారు. అది చూసినప్పుడల్లా ఆవిడకు లోలోపల నవ్వొచ్చేది. కాస్త గర్వంగా కూడా ఉండేది, లేదనడమెందుకు.

గేటు చప్పుడైంది. కూతురు వచ్చింది. ఆ పిల్లా లాయరే, కానీ నాన్న దగ్గర పనిచేస్తే ఇంట్లో కూడా కోర్టు తప్పదని వేరేవాళ్ళ ఆఫీసులో చేరింది. చంకలో ఉన్నది నాన్న చూస్తున్న దర్జీ ఆవిడ కేసు ఫైలు. పద్ధెనిమిదేళ్ళుగా ఒకే గదిలో కుట్టు మిషను పెట్టుకుని బతుకుతున్న ఆవిడను ఆ గది యజమాని ఖాళీ చెయ్యమన్నాడు, కింది కోర్టు అతని వైపే తీర్పిచ్చింది. లాయరుగారు పైకోర్టుకు వెళ్దామన్నారు. అప్పీలు వేశారు కూడా. నిన్న అది గడువు దాటిందని వెనక్కి వచ్చింది. తొంభై రోజులుండే గడువును ఏడాది క్రితం నలభై అయిదుకు తగ్గించారు. ఆయనకు ఆ సంగతి తెలీదు. రూలు కొత్తది, తెలీక ఆలస్యమైంది, మన్నించండని కోర్టుకు రాసిపెట్టమని రాత్రే కూతురికి ఫోను చేశారు.

కూతురు కూర్చోలేదు.

"తెలీదని ఎలా రాయను నాన్నా? గడువుల పాఠంలో నీకు ఇరవైకి ఇరవై వచ్చాయి. కౌన్సిలు రికార్డులో చూశాను. అవతలి లాయరు ఆ కాగితం చూపిస్తే నువ్వు తెలిసే ఊరుకున్నావంటారు."

ఆయన పేపరు మడిచారు. మడిచిన దాన్ని మళ్ళీ మడిచారు. లోపల కంప్యూటరు టింగుమంది. టీచరమ్మ చెవులు వరండా వైపే ఉన్నాయి గానీ చెయ్యి అలవాటు కొద్దీ వెళ్ళి గడి నొక్కేసింది. తల తిప్పేసరికి గుమ్మంలో కూతురు.

తెర మీద పెద్దమనిషి వృత్తి ధర్మం గురించి చెప్పుకుపోతున్నాడు. కూతురు బల్ల మీదున్న నోటుపుస్తకం తిరగేసింది. ఒకచోట ఎర్రసిరాతో గీత గీసి ఉంది. దాని పక్కన అమ్మ గుండ్రటి అక్షరాలతో, ఇకమీదట నలభై అయిదు రోజులే అని ఉంది.

ఆ పిల్ల గట్టిగా అరిచినా బాగుండేది. నెమ్మదిగా, పరాయి మనిషికి చెప్పినట్టు చెప్పింది. క్లాసులో కూర్చున్నది నాన్న కాదని కోర్టులో ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది. ఒప్పుకోకపోతే దర్జీ ఆవిడ తరఫున అడగడానికి ఒక్క ముక్క కూడా మిగలదు. ఒప్పుకున్నా గ్యారంటీ లేదు.

లాయరుగారికి ఎక్కడ కోపం చూపించాలో తెలియలేదు. చివరికి అలవాటైన చోటే చూపించారు.

"నీకు తెలుసు కదా. ఒక్క మాట చెబితే ముత్యాలు రాలిపోయేవా?"

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నట్టు టీచరమ్మ కుర్చీలోంచి లేచింది.

"తెలుసు. దర్జీ ఆవిడ వచ్చి ఇక్కడే కూర్చుంది. నేనే మంచినీళ్ళిచ్చాను. ఇంకా బోలెడు టైముందమ్మా, కంగారేం లేదన్నారు మీరు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. అప్పటికి తొమ్మిది రోజులున్నాయి."

"మరెందుకు చెప్పలేదు?"

"ఆవిడ ముందు మీ పరువేం కావాలి? ఆవిడ వెళ్ళాక చెబుదామనుకున్నాను. వెళ్ళాక, మీకే తెలిసుంటుందిలే అనుకున్నాను. మీకు తెలీదని అనుకోవడానికి నాకు మనసొప్పలేదు."

ఏడుపు ఆగలేదు ఆవిడకు. ఆయన లేచి వచ్చారు. భార్య నోటుపుస్తకం తీసుకుని నిలబడే నాలుగైదు పేజీలు చదివారు. ఒకచోట ఆగి, ఇది కూడా మారిందా అని ఆవిణ్ణే అడిగారు. ఆవిడ తలూపింది. ఆయన మొహంలో కోపం పోయి, దారి తప్పిన మనిషి చూపు వచ్చింది. ఆ చూపు ఆవిడ పెళ్ళయ్యాక ఎన్నడూ చూడలేదు.

"ఉన్నదున్నట్టు రాయమ్మా," అన్నారు కూతురితో. "సంతకం పెడతాను. అమ్మ పేరు మాత్రం రానివ్వకు."

అమ్మ పేరు లేకుండా అది నిజం అవదని కూతురు తల దించుకుని చెప్పింది. రానీమంది టీచరమ్మ.

రెండు నెలల్లో అన్నీ తేలిపోయాయి. కౌన్సిలు లైసెన్సు రద్దు చేసి, ఇన్నాళ్ళూ పొందిన తగ్గింపంతా తిరిగి కట్టమంది. ఆయన వీధి గోడ మీది బోర్డు తనే మేకులు పీకి దింపారు. ఇక కోర్టు ఆ ఒప్పుకోలును నాలుగు వాక్యాల్లో కొట్టేసింది. పాఠం ఎగ్గొట్టి తెలుసుకోకపోవడాన్ని తెలియకపోవడం అనరట. కూతురు ఆ తీర్పు చదివి వినిపిస్తుంటే, ఇది న్యాయమే, మన కేసు కాకపోతే నేనూ ఇదే అనేవాణ్ణి అన్నారాయన.

గది ఖాళీ చేసే రోజున మొగుడూ పెళ్ళాలిద్దరూ దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళారు. అరలు అప్పటికే ఖాళీ. గుడ్డముక్కలు మూటలు కట్టి ఉన్నాయి. మిషను ఉండే చోట నేల మీద నాలుగు మచ్చలున్నాయి. లాయరుగారు తప్పంతా తనదేనన్నారు. కోర్టులో అంత ధారాళంగా మాట్లాడే మనిషికి ఆ ఒక్క వాక్యం రెండుసార్లు తడబడింది. దర్జీ ఆవిడ విని, కోపం తెచ్చుకోకుండా, సరేలెండి అంది. కాగితంలో అంతా రాశారుగా, మా అబ్బాయి చదివి చెప్పాడు అంది. తరవాత టీచరమ్మ వైపు తిరిగింది.

"ఆ రోజు మంచినీళ్ళిచ్చారు కదమ్మా. నన్ను గేటు దాకా సాగనంపారు కూడా. అక్కడ నాతోనైనా చెప్పొచ్చు కదా?"

ఆ రోజు గేటు దగ్గర తన పక్కనే నడిచిన ఈ మనిషికి చెప్పాలన్న ఊహే తనకు రాలేదని టీచరమ్మకు ఆ క్షణంలో తెలిసింది. తొమ్మిది రోజులూ ఆయన పరువు గురించే ఆలోచించింది. ఈవిడ గది గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

దర్జీ ఆవిడ జవాబు కోసం ఆగలేదు. బయట బండివాడు తొందరపెడుతున్నాడు. గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల ఒక్కటే మిగిలింది. ఒక పక్క పట్టుకోండి, నా ఒక్కదాని వల్ల కాదు అంది. లాయరుగారు చొక్కా చేతులు మడిచి ఒక పక్క పట్టుకున్నారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన పక్కన చెయ్యి వేసింది. గుమ్మం ఇరుకు. ముగ్గురూ బల్లను పక్కకు వంచి, మెల్లిగా బయటికి తీసుకొచ్చారు.