ఎర్రదీపం కోసం పద్నాలుగు నిమిషాలు

"పదకొండింటికి పచ్చదీపం వెలగకూడదు," అన్నారు చీఫ్ ఫోన్లో.

"వెలిగితే?"

"ఒకే పట్టాల మీదికి రెండు రైళ్లు."

ఏజెంట్ గొళ్లెం గడియారం చూసుకున్నాడు. పది నలభై ఆరు. ఆ రైళ్లలో ఒకదాన్ని నడిపేది అతని అక్క. ఆ సంగతి చీఫ్‌కు చెప్పలేదు.

ఏసీ మెకానిక్ యూనిఫాంలో నాలుగో అంతస్తుకు పరుగెత్తాడు. రైల్వే సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదని రుజువు చేసే ప్రూఫ్ అసిస్టెంట్ అనే ప్రోగ్రాం అక్కడ ఉంది. కావలసిన లైబ్రరీలను, అంటే బయటివాళ్లు రాసిపెట్టిన కోడ్‌ను, కంప్యూటరే తెచ్చుకుంటుంది. అన్నీ కలిపి బిల్డ్ చేస్తుంది, రుజువులు సరిచూస్తుంది. రుజువులు కుదిరి తెర మీద పచ్చదీపం వెలిగితే పదకొండింటికి ఆ కోడ్‌ను సిగ్నళ్లకు పంపేస్తుంది. మనిషి చెయ్యి పడదు.

"ఏసీ బాగానే ఉందండీ," అంది బిల్డ్ ఇంజినీరు.

"బాగాలేనిది మీ స్క్రిప్టమ్మా. లైబ్రరీ ఏ వెర్షన్ తెమ్మన్నారు?"

"ఏది కొత్తదైతే అది."

"కొత్తది విదేశీ ముఠా పెట్టింది. అది ఒక వాక్యాన్ని రుజువు లేకుండా నమ్మమంటుంది. నమ్మితే ఏ అబద్ధమైనా నిజమే. మీ సిగ్నల్ కోడ్ కూడా మార్చేశారు."

ఆమె కొత్త లైబ్రరీ తెరిచి ఆ వాక్యం చూసింది. "వీధి తలుపు తీసిపెట్టి పెరటి తలుపుకు తాళం వేశాను."

"ప్లగ్ పీకేద్దామా?"

"బ్యాకప్ కంప్యూటర్ అందుకుంటుంది. బిల్డ్ ఫెయిలవ్వాలి, అంతే. దానికి, అబద్ధాన్ని నమ్మని పాత వెర్షన్ కావాలి."

"అదున్న సర్వర్‌ను మావాళ్లు పొద్దున్నే పడగొట్టారు." గుమ్మంలో పట్టుచీరలో కన్సల్టెంట్. ముఠా మనిషి, మూడు నెలలుగా చీఫ్ మనిషి కూడా. లిప్‌స్టిక్ విసిరింది. మూత కింద పెన్‌డ్రైవ్. "పాతది ఇందులో ఉంది, బావగారూ," అంది లేని వరస కలిపి ఆటపట్టిస్తూ.

"నిన్నెలా నమ్మను?"

"నమ్మక్కర్లేదు," అంది ఇంజినీరు. గోడ మీది కాగితం పీకింది. "ప్రతి బిల్డ్ రికార్డునూ ప్రింట్ తీస్తాను. ఆఫీసంతా నవ్వుతారు. పాత లైబ్రరీ వేలిముద్ర ఇదిగో, అరవై నాలుగు అక్షరాలు; ఫైల్లో చుక్క మారినా ఇవి మారిపోతాయి. మీరు చదవండి."

ఆమె పెన్‌డ్రైవ్ గుచ్చింది. అతను కాగితం చదువుతుంటే తెర మీది వేలిముద్రతో పోల్చింది. నలభయ్యో అక్షరం దగ్గర అతను వరస తప్పాడు. మళ్లీ మొదటినుంచి. అన్నీ సరిపోయాయి.

స్క్రిప్టులో 'కొత్తది' అన్న చోట పాత వెర్షన్ నంబరు, వేలిముద్ర రాసి ఎంటర్ కొట్టింది. పది యాభై రెండు.

అరవై శాతం. ఎనభై. పది యాభై తొమ్మిదికి తొంభై ఆరు దగ్గర ఆగింది. తొంభై ఏడు.

పదకొండుకు రెండు సెకన్లుండగా ఎర్రదీపం వెలిగింది. మార్చిన సిగ్నల్ కోడ్‌కు రుజువు దొరకలేదు.

గొళ్లెం గోడకు జారగిలబడ్డాడు. ఫోన్ మోగింది.

"ఏమైంది?"

"బిల్డ్ ఫెయిలైంది సార్."

"శభాష్," అన్నారు చీఫ్. "ఇక దాన్నెవరూ బాగుచెయ్యకుండా చూడు."