ట్రాకర్ లేని క్యాలిక్యులేటర్

"శాటిలైట్లున్నయి, డ్రోన్లున్నయి. దేశ రహస్యం మాత్రం క్యాలిక్యులేటర్ల పెట్టిన్రు," అన్నాడు ఏజెంట్ బ్రహ్మం.

చీఫ్ రామమోహనరావు దగ్గాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాంకు కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో ఉంది ఆయన సీక్రెట్ ఆఫీసు. అది ఎంత సీక్రెటో కింద చాయ్ అమ్మే అంతయ్యనడిగితే వివరంగా చెబుతాడు.

"వెటకారం ఆపవయ్యా. దానికి నెట్ లేదు, సిగ్నల్ లేదు, కేబుల్ పెట్టడానికి రంధ్రం కూడా లేదు. హ్యాక్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"హ్యాక్ ఎందుకు సార్? ఇంద్రాణి మేడం హ్యాండ్‌బ్యాగుల ఏస్కొని పోయింది గద."

ఇంద్రాణి డీకోడింగ్ సెక్షన్ హెడ్. ఆమె నవ్వితే సెక్యూరిటీ వాళ్లు ఐడీ కార్డు అడగడం మరిచిపోతారు. పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగం ఇక్కడ, విశ్వాసం అక్కడ.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఏజెంట్ సౌజన్య శత్రుదేశపు తీరంలో ఒక ఇంట్లో దాక్కుంది. ఎక్కడుందో చెప్పడానికి ఆమె రెండు నంబర్లు పంపింది. క్యాలిక్యులేటర్ స్క్రీన్ మీద పది అంకెలే పడతాయి కాబట్టి ఒక్కోటీ పది అంకెలు. వాటిని క్యాలిక్యులేటర్‌లోని ప్రోగ్రాంలో వేస్తే ఆ ఇంటి అక్షాంశం, రేఖాంశం వస్తాయి. ఆ నంబర్లు శత్రువులు దారిలోనే పట్టేశారు. ఇక వాళ్లకు కావలసింది ప్రోగ్రాం ఒక్కటే.

"క్యాలిక్యులేటర్ పోకముందే మన క్లర్కు లెక్క కట్టి నేరుగా బోటుకే పంపాడు. నాలుగింటికి మన బోటు వెళ్లి ఆమెను ఎక్కించుకుంటుంది. ఆలోగా వాళ్లు లెక్క తేల్చారంటే అమ్మాయి మనకు దక్కదు. మూడున్నరకి ఎల్బీనగర్‌లో ఆ డబ్బా చేతులు మారుతోంది. వాళ్ల కోడ్‌వర్డ్ 'అల్మాస్‌గూడలో ప్లాట్ ఉందా?' జవాబు 'లిటిగేషన్‌లో ఉంది.'"

బ్రహ్మం ఆయన వంక జాలిగా చూశాడు. "ఎల్బీనగర్ల ఎవల్నడిగినా గదే జవాబొస్తది సార్."

అన్నంతా అయింది. నీళ్ల క్యాన్ భుజాన పెట్టుకుని అతను అడిగిన మొదటి ముగ్గురూ సరైన జవాబే చెప్పారు. ఇద్దరు ఫోన్ నంబర్ కూడా తీసుకున్నారు. నాలుగోవాడు డొక్కలో పిస్టల్ ఆనించాడు. వేషం డిపార్ట్‌మెంట్ ఇచ్చిందే. ఇస్త్రీ మడత నలగని చొక్కాతో నీళ్ల క్యాన్ మోసేవాణ్ణి ఎల్బీనగర్ అంతవరకూ చూడలేదు.

రోడ్డు మీద ఎవరికీ అనుమానం రాకుండా, ఆ క్యాన్‌తోనే అతన్ని మూడో అంతస్తులోని ఖాళీ ఫ్లాట్‌కి ఎక్కించాడు పిస్టల్ వాడు. లోపల ఇంద్రాణి, పక్కన విదేశీ ముఠా నాయకుడు హెన్రిక్. టేబుల్ మీద లాప్‌టాప్, శాటిలైట్ ఫోన్, పదకొండు రకాల కేబుళ్లు. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

హెన్రిక్ క్యాలిక్యులేటర్‌ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తాడు. అతని తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది. "ఇటువంటిది నా కుమారుడు పాఠశాలకు తీసుకొనిపోవును. మీ గూఢచార శాఖ ఇదేనా?"

"మా దగ్గర గింతే సార్," అన్నాడు బ్రహ్మం.

"ప్రోగ్రాం వన్ నొక్కండి, అదే నంబర్ అడుగుతుంది," అంది ఇంద్రాణి. టైం మూడూ యాభై రెండు.

సౌజన్యకు పని నేర్పినవాడు బ్రహ్మమే. ఆ పిల్ల ప్రాణం ఇప్పుడు ఒక రబ్బరు బటన్ మీద ఉంది. అతను కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత వాచీ చూశాడు. చివరికి క్యాలిక్యులేటర్ వంక చూసి చిన్నగా నవ్వాడు.

హెన్రిక్ వేలు ఆగిపోయింది. "దీనిలో ట్రాకర్ ఉన్నదా?"

"లేదు సార్."

"మైక్?"

"అమ్మతోడు, ఏం లేదు. ప్లాస్టిక్ డబ్బా సార్ గది. తెరువకున్రి, పాడైతది."

అక్షరాలా నిజం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నిజం వినే అలవాటు హెన్రిక్‌కి లేదు.

"టైం లేదండీ, ముందు నంబర్ కొట్టండి!" అంది ఇంద్రాణి.

"నోరు మూయుము!" అతను స్క్రూలు విప్పి మూత తీశాడు. బటన్ బ్యాటరీ టేబుల్ మీద దొర్లింది. భూతద్దంతో మూలమూలలా వెతికాడు. ఏమీ లేదు. అన్నీ బిగించి ప్రోగ్రాం వన్ నొక్కాడు.

సున్నా. మళ్లీ నొక్కాడు. మళ్లీ సున్నా.

ఇంద్రాణికి అంతు చిక్కలేదు. సెక్షన్ హెడ్‌గా ఆమె ఏనాడూ దాని మీద వేలు పెట్టలేదు. నొక్కడానికి క్లర్కులుండేవాళ్లు.

"దాని యాది, గదే మెమరీ, అంత గా బ్యాటరీల్నే ఉంటది మేడం," అన్నాడు బ్రహ్మం. "తీస్తే ప్రోగ్రాం పాయె. ఇంకోటి సౌజన్య దగ్గరే ఉంది. పోయి అడుగున్రి."

పిస్టల్ వాడు కూడా సున్నా చూద్దామని మెడ చాచాడు. బ్రహ్మం భుజం మీది ఇరవై లీటర్ల క్యాన్ వాడి పాదం మీద పడింది, పిస్టల్ బ్రహ్మం చేతికొచ్చింది. బ్రహ్మం వెనకే రావాల్సిన డిపార్ట్‌మెంట్ టీం, అంతసేపూ లిఫ్ట్ కోసం నిలబడి, అప్పుడు లోపలికొచ్చింది.

నాలుగూ రెండుకి చీఫ్ ఫోన్. "బోటెక్కిందయ్యా అమ్మాయి."

బ్రహ్మం హెన్రిక్ చేతిలోంచి క్యాలిక్యులేటర్ తీసుకున్నాడు.

"శత్రువుకి నిజం చెప్తారా బ్రహ్మం గారూ?" బేడీలు వేయించుకుంటూ అంది ఇంద్రాణి. "ఇదేం పద్ధతండీ?"

అతను క్యాలిక్యులేటర్‌ని హెన్రిక్ జేబులో పెట్టి తట్టాడు. "మీ పోరగానికియ్యున్రి సార్. కూడికలు ఇంకా మంచిగనే చేస్తది."