ఎడమ వైపు కరెంటు

"ఈ తాళం తియ్యాలంటే తాళంచెవి కావాలి, లేదా భూకంపం రావాలి. మూడో దారి లేదు మేడమ్," అన్నాడతను. "మా మావయ్య కంపెనీ సరుకు. ఏనుగు కూర్చున్నా విరగదు."

ఆమె ఏనుగు కోసం కబురు పెట్టలేదు. మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు క్లిప్పు ఊడదీసింది. దాని కొసని తాళంలోకి దూర్చి, గోడ గడియారం వైపు చూస్తూ, చెయ్యి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పింది. తాళం నోరు తెరిచింది. అతనూ తెరిచాడు.

"పదకొండు సెకన్లు," అంది. "మీ ఏనుగు ఇంకా బయల్దేరలేదనుకుంటా."

అది డేటా సెంటర్. పదిహేడు కంపెనీలు ఎవరి సర్వర్లు వాళ్ళు తెచ్చుకుని ఒకే హాల్లో, అద్దె ర్యాకుల్లో పెట్టుకునే చోటు. పెట్టెలు ఎవరివి వాళ్ళవే. కరెంటు, చల్లగాలి, కాపలా మాత్రం అందరికీ ఉమ్మడి.

తాళాల కంపెనీ సర్వర్లు మూడూ కిందటి వారం దాకా ఆఫీసు మెట్ల కింద, చీపుళ్ళ పక్కన కాపురముండేవి. ఒక వాన పడి, మెట్ల మీంచి నీళ్ళు కారి, కంపెనీ లెక్కలన్నీ తడవబోయి ఆగాయి. అప్పుడు మావయ్య కంప్యూటర్ డిపార్ట్‌మెంట్‌ని పిలిచి, వీటిని మంచి చోటికి మార్చమన్నాడు. కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ అంటే ఇతనే. హెడ్డూ ఇతనే, స్టాఫూ ఇతనే, ఎవరైనా సెలవు పెడితే సంతకం చేసేదీ ఇతనే.

ఆమె ఆ హాలుకి పగటి షిఫ్టు ఇంజనీరు. గేటు దగ్గర కాపలావాళ్ళు ఆమెని ఎక్స్‌రే అంటారు. ఆమె ఒకసారి చూస్తే జేబులో ఎన్ని చిల్లులున్నాయో కూడా తెలిసిపోతుందని వాళ్ళ నమ్మకం.

"బయటి తాళాలు ఇక్కడ కుదరవు," అంది ఎక్స్‌రే. "లోపల పొగొస్తే మేం తలుపు తియ్యాలి. మా తాళమే ఉంటుంది."

"అంటే మీరెప్పుడైనా మా ర్యాక్ తియ్యొచ్చన్నమాట," అన్నాడు అనుమానంగా.

"మీరు పని ఉందని మాకు టికెట్ పెట్టినప్పుడు, లేదా మంట పెట్టినప్పుడు." ర్యాక్ వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. "ప్రతి సర్వర్‌కీ రెండు కరెంటు వైర్లు. ఎడమది ఒక లైనుది, కుడిది ఇంకో లైనుది. ఒకటి పోతే రెండోది మోస్తుంది, సర్వర్ ఆగదు. మా స్క్రీన్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది, మీకు కబురు చేస్తాం."

"ఎవరు చేస్తారు?"

"షిఫ్టులో ఎవరుంటే వాళ్ళు."

"పగలైతే మీరేగా?"

ఎక్స్‌రే అతన్ని పై నుంచి కింద దాకా ఒకసారి తీసింది. "ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే. డిపార్ట్‌మెంట్‌లో చెప్పాలి కదా," అన్నాడు డిపార్ట్‌మెంట్.

నాలుగు రోజుల తర్వాత, మంగళవారం పదకొండింటికి ఫోన్ మోగింది.

"తాళం గారేనా? మీ రెండో సర్వర్‌కి ఎడమ వైపు కరెంటు పోయింది."

ప్లగ్గు నిజంగానే వదులైంది. బిగించడానికి రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్ల పనిని అతను నలభై నిమిషాలు చేశాడు. ఆ హాల్లో ర్యాకుల ముందు నిలబడితే చలికాలం, వెనక నిలబడితే ఎండాకాలం. ఫ్యాన్ల హోరులో మాట వినపడాలంటే చెవి దగ్గరకొచ్చి చెప్పాలి. ఆ హాలుకి ప్లాన్ గీసినవాడు అంతకుముందు పెళ్ళిళ్ళ పేరయ్యగా పని చేసుండాలి. కస్టమర్ని లోపల ఒంటరిగా వదలకూడదన్నది రూలు కాబట్టి ఆమె పక్కనే నిలబడింది. రూల్స్ మీద అతనికి అంత గౌరవం పుట్టడం అదే మొదటిసారి.

తర్వాతి మంగళవారం ఎడమ వైపు కరెంటు మళ్ళీ పోయింది.

ఎందుకు పోయిందంటే, ర్యాక్‌లోని ప్లగ్గు పాయింట్లని ఆఫీసులో కూర్చునే ఆన్, ఆఫ్ చేసుకోవడానికి కస్టమర్లకి ఒక పేజీ ఇస్తారు. సర్వర్ ఎప్పుడైనా మొండికేస్తే పనికొస్తుందని. మంగళవారం పదకొండింటికి అతని వేలు ఆ పేజీలో ఆఫ్ అన్నచోట పడింది. వేలన్నాక ఎక్కడో ఒకచోట పడుతుంది. ఆ పై మంగళవారం కూడా అక్కడే పడింది.

డేటా సెంటర్‌కి పరిగెత్తుకొచ్చేవాడు. ఒక చేత్తో ప్లగ్గు నొక్కుతూ, జేబులో ఉన్న రెండో చేత్తో ఫోన్ మీద ఆన్ నొక్కేవాడు. దీపం పచ్చగా మారేది.

"చెయ్యి మంచిదండి," అనేవాడు.

"జేబులో చెయ్యా, బయట చెయ్యా?" అంది ఎక్స్‌రే నాలుగోసారి, ర్యాక్ ముందు వైపుకి వచ్చాక.

అతనికి ముచ్చెమటలు పోశాయి. నిలబడ్డది చలికాలం వైపు.

అప్పట్నుంచి అతనికీ అనుమానం పట్టుకుంది. అతను వెళ్ళగానే ఆమె చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాస్తోంది. తన గురించేనా? మంచా, చెడా? తలుపు అద్దంలోంచి తొంగి చూశాడు. ఆమె తలెత్తకుండానే, "ఇంకేమైనా మర్చిపోయారా?" అంది.

ఐదోసారి ఆమె సూటిగానే అడిగింది.

"పని చేస్తూ మాటిమాటికీ కుడి పక్క ర్యాక్ చూస్తున్నారు."

"లేదే."

"పన్నెండుసార్లు. రాసుకున్నా. అందులో ఎవరి సర్వర్లున్నాయో తెలుసా మీకు?"

"నాకెలా తెలుస్తుందండి?"

"నేనూ అదే అడుగుతున్నా, ఎలా తెలిసింది?"

కుడి పక్క ర్యాక్ దగ్గర నిలబడింది ఆమేనన్న సంగతి చెప్పకుండా అతను ప్లగ్గు ఇంకోసారి నొక్కాడు. ఆరోసారి ఆమె పరీక్ష పెట్టింది. ఎడమ వైపుకెళ్ళి నిలబడింది. అతను ఎడమకి చూశాడు. ఎడమ పక్క ర్యాక్ లేదు, గోడ ఉంది.

"గోడలో ఏం కనిపించింది?"

"రంగు బాగా వేశారు," అన్నాడు.

ఆమె నోటుబుక్కులో అది కూడా రాసుకుంది.

ఏడోసారి అయ్యాక డేటా సెంటర్ వాళ్ళు రెండు నెలలకోసారి పంపే రిపోర్టు తిన్నగా మావయ్య బల్ల మీదకి వెళ్ళింది. మావయ్య అనుమానం విషయంలో మామూలు మనిషి కాదు. ఇంట్లో ఉప్పు డబ్బాకి తాళం వేసి, ఆ తాళంచెవి పెట్టిన డబ్బాకి ఇంకో తాళం వేస్తాడు.

"ఒరేయ్ అల్లుడూ, ఏడుసార్లు మన కరెంటు పోయింది. ఏడూ ఒకే షిఫ్టులో," అన్నాడు. "ఎవరో కావాలనే చేస్తున్నారు. ఫోన్ చేసి గట్టిగా అడిగా. రేపు మీటింగు పెట్టారు. ఆ షిఫ్టు అమ్మాయిని పంపించేస్తారు."

"ఎక్కడికి?"

"ఇంటికి. ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఏంట్రా అలా అయిపోయావ్? నీ సర్వర్లని కాపాడుతుంటే సంతోషించవేం?"

మర్నాడు మధ్యాహ్నం మీటింగు. కిటికీ అద్దాల మీద వాన జారుతోంది. బల్లకి అటు ఎక్స్‌రే, ఆమె మేనేజరు. ఇటు మావయ్య, మేనల్లుడు. మేనేజరు గొంతు ఎంత మెత్తనంటే, ఆయన ఉద్యోగం తీసేసినా ప్రమోషన్ ఇచ్చినట్టే వినపడుతుంది.

"ఏడుసార్లు మేడమ్. అన్నీ మీ షిఫ్టులోనే. కెమెరాలు ర్యాకుల వెనక సందులోకి చూడవు. ఆ సందులోకి వెళ్ళడానికి పగటిపూట కార్డున్నది మీ ఒక్కరికే."

"నేను ప్లగ్గు ముట్టుకోలేదు సార్."

"మరి ఎవరు ముట్టుకున్నారమ్మా?" అన్నాడు మావయ్య.

 ఆమె తాళం గారి వైపు చూసింది.

"బల్లి అయ్యుండొచ్చు," అన్నాడతను.

మేనేజరు నొచ్చుకున్నాడు. "మా హాల్లో బల్లులుండవండి."

"ఉన్నా, మంగళవారం మంగళవారం పదకొండింటికే వస్తుందేంట్రా?" అన్నాడు మావయ్య. "దానికేమన్నా షిఫ్టా?"

అతను మనసులో లెక్క వేసుకున్నాడు. నిజం చెప్తే తన ఉద్యోగం పోతుంది, మావయ్య పరువు పోతుంది, ఆమె ఇక జన్మలో తన మొహం చూడదు. చెప్పకపోతే ఆమె ఉద్యోగం ఒక్కటే పోతుంది. ఒక్కటే, అనుకుని, అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"విచారణ అయ్యేదాకా కార్డు ఇచ్చి వెళ్ళండి మేడమ్," అన్నాడు మేనేజరు మెత్తగా.

ఎక్స్‌రే మెడలోంచి కార్డు తీసింది. తాడు చక్కగా చుట్టింది. బల్ల మీద పెట్టి, ఒక వేలితో మేనేజరు వైపు తోసింది. కార్డు సగం దూరం వెళ్ళేసరికి అతను దాని మీద చెయ్యి వేసేశాడు.

"నేనే ఆపాను."

మేనేజరు కార్డు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆఫీసులో కూర్చుని, మీరిచ్చిన పేజీలో ఆఫ్ నొక్కాను. మొదటిసారి ప్లగ్గు నిజంగానే వదులైంది. మిగతా ఆరుసార్లూ నేనే. ఈవిడకేం సంబంధం లేదు."

ఎక్స్‌రే తన ఫైల్లోంచి ఒక కాగితం తీసి మేనేజరు ముందు పెట్టింది. ఏ రోజు, ఏ నిమిషాన, ఎవరి లాగిన్ నుంచి పాయింటు ఆపారో ఆరు వరసలు. ఆరింట్లోనూ అతనిదే.

"ఆరే సార్," అంది. "లెక్క సరిగ్గానే చెప్పారు."

మావయ్య ఆ కాగితాన్ని చూశాడు, మేనల్లుడిని చూశాడు. "ఎందుకురా?"

"ఆపితే ఈవిడ ఫోన్ చేస్తుంది మావయ్యా."

"చేస్తే?"

"అంతే."

మావయ్య కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. జీవితమంతా దొంగలు ఎందుకొస్తారో, ఎలా వస్తారో ఆలోచించిన మనిషి. ఇలాంటి దొంగ మాత్రం ఆయన లెక్కలో లేడు. చివరికి ఎక్స్‌రే వైపు తిరిగి, "అమ్మాయ్, తప్పు నాదేనమ్మా. నా ఇంటి మనిషిని తప్ప లోకంలో అందర్నీ అనుమానించా," అన్నాడు.

మేనేజరు ఆమె కార్డు ఆమెకిచ్చేశాడు. ఇతని పేజీ మూసేశాడు. మూడు నెలలు హాల్లో అడుగు పెట్టకూడదని మెత్తగా చెప్పాడు. ఆ మూడు నెలలూ సర్వర్ల పని తానే చూస్తానన్నాడు మావయ్య, మౌస్‌కి తాళం ఎక్కడ వేస్తారని అడుగుతూ.

అందరూ లేస్తుంటే మేనేజరు అన్నాడు, "మేడమ్, రిపోర్టుకి ఆ ఏడు మెయిళ్ళ కాపీలు కూడా జత చెయ్యండి. ఒక వైపే పోతే రూలు ప్రకారం మెయిలే కదా పెట్టేది."

"వెతికి ఇస్తాను సార్," అంది ఎక్స్‌రే. మామూలు కంటే కొంచెం తొందరగా అంది.

బయట పోర్టికోలో అతను వాన తగ్గడం కోసం నిలబడ్డాడు. మావయ్య కారులో కూర్చున్నాడు, తలుపు లోపల్నుంచి లాక్ చేసుకుని. ఎక్స్‌రే వచ్చి రెండడుగుల దూరంలో ఆగింది. ఇక్కడ ఫ్యాన్లు లేవు, దగ్గరకొచ్చి మాట్లాడాల్సిన పని లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"మూడోసారి నుంచి. పక్క ర్యాక్‌లో దొంగతనానికి వేషాలేస్తున్నావనుకున్నా. చేతికి చిక్కేదాకా ఆగుదామని ఊరుకున్నా. గోడని చూశాక నీకంత తెలివి లేదని తేలింది."

ఆమె నువ్వు అంటోందని అతను గమనించాడు. గమనించనట్టు నిలబడ్డాడు.

"ఇందాక నేను చెప్పకపోతే?"

"ఇంకో రెండు నిమిషాల్లో కాగితం బల్ల మీద ఉండేది. నేనేం త్యాగమూర్తిని కాదు. నువ్వు చెప్తావా లేదా అన్నది తెలుసుకోవాలనిపించింది."

"ఇప్పుడు నమ్ముతున్నారా?"

"ఏం నమ్మకం? ఇది కూడా ఏదో ఒక స్విచ్చి నొక్కడమే కావచ్చు." ఆమె కళ్ళు చిన్నవి చేసింది. "ఒకటి చెప్పు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ సరిగ్గా మూడు రింగులకి ఎత్తేవాడివి. ఎందుకు?"

"మొదటి రింగుకే ఎత్తితే కాచుకుని కూర్చున్నానని తెలిసిపోతుందని."

"కాచుకుని కూర్చున్నావా?"

"కూర్చున్నా. ఫోన్ చేతిలోనే పట్టుకుని."

ఆమె వాన వైపు తిరిగింది. అప్పుడు అతనికి మేనేజరు మాట గుర్తొచ్చింది.

"మేడమ్, నేను కూడా ఒకటడగనా? రూలు మెయిలేనంట కదా. నాకు ఒక్క మెయిలూ రాలేదు."

"స్పామ్‌లో పడుంటాయి."

"ఏడూనా? ఆ మెయిల్ సర్వర్ మీ హాల్లోనే ఉంది. నేనే పెట్టాను."

ఆమె మెడలోని కార్డు తాడు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. అద్దం తలుపు అవతల కాపలావాళ్ళిద్దరూ చెవులు ఇటు వేసి నిలబడ్డారు. ఎక్స్‌రే మొహం ఎర్రబడటం ఆ బిల్డింగ్‌లో ఎవరూ చూసి ఎరగరు.

"మొదటిసారి మెయిల్ టైప్ చేశాను," అంది. "మొత్తం చేశాను. పంపలేదు."

"ఎందుకు?"

"పంపితే, చదువుకుని ఊరుకుంటావేమోనని."